స్క్రిప్టులోని పనులను పిల్ల ప్రాసెస్‌లకు పంచి ఒకేసారి నడిపించడం ఎలా?

ఒకదాని తర్వాత ఒకటిగా గంటల తరబడి నడిచే స్క్రిప్టును విడగొట్టి, అందులోని భాగాలను పిల్ల ప్రాసెస్‌లకు, అంటే ఆ స్క్రిప్టే పుట్టించి పక్కన నడిపించే చిన్న కార్యక్రమాలకు అప్పగించి ఒకేసారి నడిపించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టు అవసరాన్ని తీసుకుందాం. సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, కాటా యంత్రం అచ్చువేసి ఇచ్చే చీటీలను గుమాస్తా రోజూ సాయంత్రం స్కాన్ చేసి ఒక ఫోల్డరులో వేస్తాడు. రాత్రి ఒక స్క్రిప్టు ఆ ఫోల్డరును తెరుస్తుంది. ఒక్కో స్కానును ఇమేజ్‌మ్యాజిక్‌తో నిటారుగా సరిచేసి మరకలు తగ్గిస్తుంది, టెసరాక్ట్‌తో అక్షరాలు చదివిస్తుంది, లాట్ నంబరు, మిర్చి రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, నికర తూకం వేరుచేస్తుంది. చివరకు అన్నిటినీ ఒకే పట్టికగా కూర్చి మరో యంత్రానికి బ్యాకప్ పంపుతుంది. ఒక్కో చీటీకి 6 సెకన్లు పడుతుందనుకుంటే 600 చీటీలకు 3,600 సెకన్లు, అంటే సరిగ్గా గంట. ఆ గంటసేపు యంత్రంలోని నాలుగు కోర్ల (ప్రాసెసరులో విడివిడిగా పనిచేసే భాగాల) సత్తా పూర్తిగా వాడుకలోకి రాదు.

ఈ వివరణ లైనక్స్ మీద, కమాండ్లను అందుకుని నడిపించే బాష్ షెల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. విండోస్ వాడేవారు డబ్ల్యుఎస్‌ఎల్‌లో (విండోస్‌లోనే లైనక్స్‌ను నడిపే ఏర్పాటులో) ఇదే విధంగా చేయవచ్చు. కమాండ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను కనుక టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వాటి అసలు స్పెల్లింగే వాడాలి.

పిల్ల ప్రాసెస్‌లను పుట్టించడం చాలా తేలిక, వరుస చివర ఒక్క గుర్తు పెడితే చాలు. వాటిని అదుపులో ఉంచడం, ఏది నెగ్గింది ఏది విఫలమైంది అని తేల్చుకోవడం, వాటి ఫలితాలు కలగాపులగం కాకుండా చూడడం మాత్రం శ్రమతో కూడిన పని. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఆ రెండో సంగతి గురించే ఉంటుంది.

మొదటి పని: కొలిచి చూడడం

స్క్రిప్టును మార్చడానికి ముందు, ఒకే ఒక్క చీటీ మీద చేసే పనికి ముందు ‘టైమ్’ కమాండ్ పెట్టి నడపండి. అది చివర మూడు అంకెలు చూపిస్తుంది. ‘రియల్’ అంటే గడియారం ప్రకారం గడిచిన సమయం. ‘యూజర్’, ‘సిస్’ అనేవి ప్రాసెసరు నిజంగా పనిచేసిన సమయం. యూజర్, సిస్ కలిపితే రియల్‌కు దగ్గరగా వస్తే ఆ పని ప్రాసెసరు మీద ఆధారపడినదని, కోర్లకు పంచితే లాభం ఉంటుందని అర్థం. రియల్ పెద్దదిగానూ మిగతా రెండూ చిన్నవిగానూ ఉంటే ఆ పని ఎక్కువసేపు డిస్కు కోసమో నెట్‌వర్క్ కోసమో ఎదురుచూస్తోందన్నమాట. అప్పుడు కోర్ల సంఖ్యకు మించి కూడా పిల్ల ప్రాసెస్‌లను నడపవచ్చు, అయితే అవతలి సర్వరు ఎన్నిటిని ఓర్చుకుంటుందో చూసుకోవాలి. పాత తిరిగే హార్డ్‌డిస్కు మీద పెద్ద పెద్ద ఫైళ్లను చదవడమే ప్రధానమైన పని అయితే మాత్రం, నాలుగు ప్రాసెస్‌లు నాలుగు చోట్ల నుంచి చదవబోయి డిస్కును అటూ ఇటూ పరుగెత్తించడం వల్ల వేగం తగ్గవచ్చు కూడా.

టెసరాక్ట్ విషయంలో మూడో రకం ఫలితం కనిపిస్తుంది: యూజర్ సమయం రియల్‌ను మించిపోతుంది. ఆ కార్యక్రమం తనంతట తానే అనేక థ్రెడ్లు (ఒకే ప్రాసెస్‌లో ఒకేసారి సాగే పనిపాయలు) వాడుతోందని దీని అర్థం. నాలుగో వెర్షన్ నుంచి టెసరాక్ట్, పనిని థ్రెడ్లకు పంచిపెట్టే ఓపెన్‌ఎంపీ సాయంతో ఒక్క పేజీని చదవడానికే నాలుగు థ్రెడ్ల దాకా తెరుస్తుంది. అటువంటివి నాలుగు ఒకేసారి నడిపితే నాలుగు కోర్ల మీద పదహారు థ్రెడ్లు పోటీ పడతాయి. ఒకదాని కోసం ఒకటి ఆగడంలోనే సమయమంతా కరిగిపోతుంది, కొన్ని యంత్రాల మీద పాత వరుస పద్ధతి కంటే ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు. కనుక పిల్లలను పుట్టించడానికి ముందే ‘ఓఎంపీ థ్రెడ్ లిమిట్’ అనే ఎన్విరాన్‌మెంట్ చరరాశికి 1 విలువ ఇచ్చి, అది పిల్లలకూ అందేలా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ పేరు మొత్తం పెద్ద అక్షరాలలో ఉంటుంది, పదాల మధ్య అండర్‌స్కోరు వస్తుంది. ఇమేజ్‌మ్యాజిక్‌కు కూడా ఇటువంటిదే ‘మ్యాజిక్ థ్రెడ్ లిమిట్’ అని వేరే ఉంది. సమాంతరంగా నడిపినా వేగం పెరగలేదని చాలామంది పద్ధతినే వదిలేయడానికి కారణం ఈ ఒక్క చరరాశేనని నా అభిప్రాయం.

రెండో పని: విడదీయదగినది ఏది, కానిది ఏది

ఒక చీటీని చదవడానికి మరో చీటీ ఫలితంతో అవసరం లేదు. అటువంటి పనిని మాత్రమే పిల్లలకు ఇవ్వాలి. అన్ని చీటీల వివరాలను ఒకే పట్టికలో కూర్చడం, రోజు మొత్తం తూకం లెక్కకట్టడం, బ్యాకప్ పంపడం అనే పనులు అందరి ఫలితాలూ వచ్చాక జరగవలసినవి, అవి తల్లి ప్రాసెస్‌లోనే, అంటే పిల్లలను పుట్టించే అసలు స్క్రిప్టులోనే ఉండాలి. యార్డులో కాటా ఒక్కటే ఉన్నప్పుడు దాని దగ్గర ఎంతమంది హమాలీలను నిలబెట్టినా బస్తాలు తూగే వేగం పెరగదు. ఇక్కడి సంగతీ అంతే. ఈ పరిమితిని 1967లో జీన్ అమ్‌డాల్ ఎత్తిచూపారు, అందుకే దానికి ఆయన పేరే స్థిరపడింది. మన గంట పనిలో 6 నిమిషాలు విడదీయలేనివి అనుకుందాం. మిగిలిన 54 నిమిషాలు నాలుగు కోర్లకు సమానంగా పంచితే 13.5 నిమిషాలు, మొత్తం 19.5 నిమిషాలు అవుతుంది. అంటే నాలుగు రెట్లు కాదు, మూడు రెట్లకు కాస్త ఎక్కువ. కోర్లు ఎన్ని పెంచినా ఆ 6 నిమిషాల కంటే కిందికి మాత్రం దిగదు.

విభజన నిశ్చయమయ్యాక, ఒక్క చీటీకి చేయవలసిన పనినంతా వేరే చిన్న స్క్రిప్టుగా తీసి పెట్టండి. అది ఒకే ఒక్క ఫైలు పేరును తీసుకోవాలి, ఒకే ఒక్క ఫలితాన్ని రాయాలి, పని నెగ్గితే సున్నాతో, లేకపోతే సున్నా కాని సంఖ్యతో ముగియాలి. దీన్ని పెద్ద స్క్రిప్టులోనే ఫంక్షన్‌గా ఉంచడం కూడా సాధ్యమే. కానీ విడిగా ఉంటే ఒక చీటీ దగ్గర తేడా వచ్చినప్పుడు ఆ ఒక్కదాన్నే చేతితో నడిపి చూసుకోవచ్చు, తర్వాత చెప్పబోయే ఎక్స్‌ఆర్గ్స్‌కు నేరుగా అందించవచ్చు. చిన్న స్క్రిప్టు మొదట్లోనే, ఏ కమాండ్ విఫలమైనా అక్కడే ఆపే ‘సెట్ -ఇ’ పెట్టడం, పైపుల (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని నేరుగా మరోదానికి అందించే గొట్టాల) వాడకం ఉంటే ‘పైప్‌ఫెయిల్’ కూడా జతచేయడం మంచిది. లేకపోతే ఇమేజ్‌మ్యాజిక్ విఫలమైనా, ఆఖరి కమాండ్ నెగ్గిందన్న కారణంతో మొత్తం నెగ్గినట్టే లెక్కకు వస్తుంది.

మూడో పని: ఎంతమంది పిల్లలు?

‘ఎన్‌ప్రాక్’ అనే కమాండ్ వాడుకోదగిన ప్రాసెసర్ల సంఖ్యను చెబుతుంది. ఓఎంపీ థ్రెడ్ లిమిట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయడానికి ముందే దీన్ని నడపండి, తర్వాత నడిపితే 1 అనే చెబుతుంది. ప్రాసెసరు మీద ఆధారపడిన పనికి ఆ సంఖ్యతో మొదలుపెట్టండి. ఆ యంత్రం మీదే మరొకరు బిల్లులు కొడుతుంటే ఒకటి తగ్గించి, చిన్న స్క్రిప్టును, ప్రాధాన్యం తగ్గించే ‘నైస్’ కమాండ్‌తో నడిపిస్తే వారికి ఇబ్బంది ఉండదు.

మెమరీని విడిగా చూసుకోవాలి. షెల్‌లో భాగంగా ఉండే టైమ్‌ను కాక, జీఎన్‌యూ టైమ్ కార్యక్రమాన్ని దాని పూర్తి పాత్‌తో పిలిచి ‘-వి’ ఐచ్ఛికం ఇస్తే, ఒక పని గరిష్ఠంగా ఎంత మెమరీ వాడిందో చూపిస్తుంది. దాన్ని పిల్లల సంఖ్యతో గుణించి చూడండి. ఒక్కొక్కటి 600 మెగాబైట్లు అడిగితే ఎనిమిదింటికి దాదాపు 5 గిగాబైట్లు కావాలి, 4 గిగాబైట్ల యంత్రం మీద అది నడవదు. మెమరీ చాలకపోతే లైనక్స్ కెర్నెలే ఏదో ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపేస్తుంది. అలా చనిపోయిన పిల్ల నిష్క్రమణ సంకేతం (ముగిసినప్పుడు మిగిల్చే సంఖ్య) 137 అని కనిపిస్తుంది, అంటే 128కి తొమ్మిదో నంబరు సిగ్నల్ కలిపిన మొత్తం. చీటీలో లోపం లేకుండానే 137 వస్తుంటే పిల్లల సంఖ్య తగ్గించాలని గుర్తుంచుకోండి.

నాలుగో పని: బాష్‌లో పుట్టించడం, వేచి ఉండడం

కమాండ్ చివర & గుర్తు పెట్టగానే బాష్ ‘ఫోర్క్’ అనే సిస్టమ్ కాల్ ద్వారా తన నకలును పుట్టించి, ఆ పనిని నకలుకు అప్పగించి తాను ముందుకు సాగుతుంది. యూనిక్స్‌కు 1971లో వచ్చిన తొలి మాన్యువల్‌లోనే ఈ ఫోర్క్ ఉంది. నకలు అంటే పుట్టిన క్షణానికి తల్లి దగ్గరున్న చరరాశులన్నీ పిల్లకు అందుతాయి, ఆ తర్వాత పిల్ల మార్చుకున్న విలువలేవీ తల్లికి తిరిగి రావు. వరుస పద్ధతిలో ‘చదివిన చీటీల సంఖ్య’ అని ఒక చరరాశిని పెంచుకుంటూ పోయేవారు, అదే పెంపును పిల్లలో రాస్తే చివరికి తల్లి దగ్గర సున్నాయే మిగులుతుంది. పిల్ల తల్లికి చెప్పగలిగినవి రెండే: 0 నుంచి 255 వరకు ఒక నిష్క్రమణ సంకేతం, ఫైలులోనో పైపులోనో రాసిన సమాచారం.

పిల్లను పుట్టించిన వెంటనే $! అనే ప్రత్యేక చరరాశిలో దాని ప్రాసెస్ సంఖ్య ఉంటుంది. దాన్ని ఒక అర్రేలో (విలువల జాబితాలో), చీటీ పేరుతో జోడించి దాచుకోండి. తర్వాత ఆ సంఖ్యలను ఒక్కొక్కటిగా ‘వెయిట్’ కమాండ్‌కు ఇస్తే, ఆ పిల్ల ముగిసేదాకా ఆగి దాని నిష్క్రమణ సంకేతాన్నే తన సంకేతంగా తిరిగిస్తుంది. ఆ పిల్ల ముందే ముగిసిపోయి ఉన్నా ఫరవాలేదు, బాష్ దాని సంకేతాన్ని గుర్తుపెట్టుకుని ఉంటుంది.

ఇక్కడ చాలా మంది వెయిట్‌ను ఏ సంఖ్యా ఇవ్వకుండా ఊరికే రాసి వదిలేస్తారు. అది అందరికోసమూ ఆగుతుంది, నిజమే. కానీ వారిలో సగంమంది విఫలమైనా అది ఎప్పుడూ సున్నానే తిరిగిస్తుంది. స్క్రిప్టు పైన సెట్ -ఇ ఉన్నా నేపథ్యంలో నడిచే పిల్లల వైఫల్యం దానికి అందదు. ఫలితంగా 600 చీటీలలో 40 చదవకుండానే పట్టిక తయారై, బ్యాకప్ కూడా వెళ్లిపోయి, ‘అంతా సవ్యం’ అన్న సందేశం వస్తుంది. మరునాడు రైతు లాట్ నంబరు చెప్పి తూకం అడిగినప్పుడు గానీ సంగతి బయటపడదు. వరుసగా నడిచినప్పుడు ఇదే స్క్రిప్టు మొదటి పొరపాటు దగ్గరే ఆగిపోయేది. వేగం కోసం చేసిన మార్పు ఆ కాపలాను మౌనంగా తీసేస్తుంది.

600 మందినీ ఒకేసారి పుట్టించకూడదు కనుక పరిమితి కావాలి. బాష్ 4.3 నుంచి ‘వెయిట్ -ఎన్’ అనే వీలు ఉంది: నడుస్తున్న పిల్లలలో ఏదో ఒకటి ముగిసేదాకా మాత్రమే అది ఆగుతుంది. లూప్‌లో నడుస్తున్నవారి సంఖ్య పరిమితిని చేరగానే వెయిట్ -ఎన్ రాసి, ఒకరు ముగిశాక తర్వాతి చీటీకి పిల్లను పుట్టించండి. నలుగురిని పంపి నలుగురూ వచ్చేదాకా ఆగి మళ్లీ నలుగురిని పంపే పాత పద్ధతి కంటే ఇది మేలు. ఎందుకంటే మసకబారిన ఒక చీటీ 20 సెకన్లు పట్టినా మిగతా ముగ్గురూ దానికోసం ఖాళీగా కూర్చోరు. అయితే ఇది సంకేతాన్ని ఇస్తుంది కానీ అది ఎవరిదో చెప్పదు. ఎవరిదో చెప్పే ‘-పి’ ఐచ్ఛికం బాష్ 5.1లో చేరింది. మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2లో ఈ రెండూ లేవు. అందువల్ల వెర్షన్ల మీద ఆధారపడకుండా, చిన్న స్క్రిప్టును పిలిచే చోటనే విఫలమైన చీటీ పేరుతో ఒక ఖాళీ ఫైలును ‘విఫలం’ అనే ఫోల్డరులో సృష్టించే ఏర్పాటు చేసుకోవాలని నా సలహా. చివర ఆ ఫోల్డరు ఖాళీగా ఉంటేనే పట్టిక కూర్చే పని మొదలవ్వాలి.

ఇంకో చోట కూడా వెయిట్ మనల్ని మోసగిస్తుంది. ‘ఫైండ్’ కమాండ్ ఇచ్చే ఫైళ్ల పేర్లను పైపు ద్వారా ‘వైల్ రీడ్’ లూప్‌లోకి పంపి, ఆ లూప్‌లో పిల్లలను పుట్టించి, లూప్ బయట వెయిట్ రాశారనుకోండి. పైపు కుడివైపు ఉన్న లూప్‌ను బాష్ మామూలుగా వేరే సబ్‌షెల్‌లో (తన నకలులో) నడుపుతుంది కనుక ఆ పిల్లలు సబ్‌షెల్‌కు పుట్టినవి అవుతాయి, మన స్క్రిప్టుకు కావు. బయటి వెయిట్‌కు తన పిల్లలెవరూ కనిపించరు, అది క్షణంలో తిరిగొస్తుంది, చీటీలు ఇంకా చదువుతుండగానే పట్టిక కూర్చడం మొదలైపోతుంది. దీనికి పరిష్కారం సులువు: పేర్లను ముందుగా ‘మ్యాప్‌ఫైల్’ కమాండ్‌తో ఒక అర్రేలోకి చదువుకుని, ఆ అర్రే మీద మామూలు ‘ఫర్’ లూప్ నడపండి.

ఐదో పని: ఫలితాలు కలిసిపోకుండా చూడడం

పిల్లలందరూ ఒకే రిజిస్టరు ఫైలుకు వరుసలు జతచేస్తే ఏమవుతుందో చూద్దాం. ఒక పిల్ల ‘లాట్ 218, తేజ, 42 టిక్కీలు’ అని, మరో పిల్ల ‘లాట్ 305, బాడిగ, 17 టిక్కీలు’ అని రాయవలసి ఉంది. ఒక్కో వరుసను ఒకే దెబ్బకు కాక, మొదట లాట్ నంబరు, తర్వాత రకం, తర్వాత సంఖ్య అని విడివిడిగా రాస్తే ఫైలులో ‘లాట్ 218, లాట్ 305, తేజ, బాడిగ, 17 టిక్కీలు’ అని పడి, ‘42 టిక్కీలు’ అన్నది కింది వరుసకు జారవచ్చు. బాడిగ సరుకు తేజ లెక్కలోకి పోతే ధర తేడా ఎంత ఉంటుందో యార్డులో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. పైగా ఇది ప్రతి రాత్రీ జరగదు. ఎప్పుడో ఒకసారి, అదీ పని ఎక్కువగా ఉన్న రోజునే జరుగుతుంది కనుక పరీక్షలో పట్టుబడదు.

ఒక్కో పిల్లకు ఒక్కో ఫలితం ఫైలు ఇవ్వడమే దీనికి తగిన మార్గం. ఫైలు పేరు చీటీ పేరునుంచే రావాలి. యాదృచ్ఛిక సంఖ్యో ప్రాసెస్ సంఖ్యో కలిపిన పేరు పెడితే తర్వాత ఏది దేనిదో తెలియదు. అందరూ ముగిశాక తల్లి ప్రాసెస్ ఆ ఫైళ్లను పేర్ల వరుసలో కలిపితే, ఎవరు ముందు ముగించారన్నదానితో సంబంధం లేకుండా పట్టిక ప్రతిసారీ ఒకే క్రమంలో వస్తుంది. లాగ్ సందేశాలకూ ఇదే పద్ధతి పాటించండి. మధ్యలో వాడే తాత్కాలిక చిత్రాల కోసం ప్రతి పిల్లా ‘ఎంకేటెంప్ -డి’తో తన సొంత ఫోల్డరు తెరుచుకోవాలి. వరుస స్క్రిప్టులలో తాత్కాలిక ఫైలుకు ఒకే స్థిరమైన పేరు పెట్టే అలవాటు ఉంటుంది, సమాంతరంగా మార్చేటప్పుడు మొట్టమొదట వెతికి తీసేయవలసింది దాన్నే.

తప్పనిసరిగా అందరూ ఒకే ఫైలును తాకవలసి వస్తే, ఫైలుకు తాళం వేసే ‘ఎఫ్‌లాక్’ వాడండి. ఫైలు ఉందా లేదా అని చూసి తాళం వేసే నాటు పద్ధతిలో, ప్రాసెస్ మధ్యలో చనిపోతే తాళం అలాగే ఉండిపోతుంది. ఎఫ్‌లాక్ వేసిన తాళాన్ని మాత్రం, దాన్ని పట్టుకున్న ప్రాసెస్‌లన్నీ ముగియగానే కెర్నెలే విప్పేస్తుంది. పెద్ద స్క్రిప్టు మొదట్లో కూడా ఒక ఎఫ్‌లాక్ పెట్టడం మేలు, నిన్నటి పని ఇంకా నడుస్తుండగానే, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ ఇవాళ్టిదాన్ని మొదలుపెట్టకుండా అది ఆపుతుంది.

ఆరో పని: మధ్యలో ఆగిపోతే

ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, యూపీఎస్ బ్యాటరీ గంటసేపు ఆగుతుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి స్క్రిప్టును మళ్లీ నడిపితే మిగిలిన చీటీలనుంచే సాగేలా ఉండాలి. పిల్ల తన ఫలితాన్ని మొదట తాత్కాలిక పేరుతో రాసి, అంతా పూర్తయ్యాకే ‘ఎంవీ’ కమాండ్‌తో అసలు పేరుకు మార్చాలి. ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఈ పేరు మార్పు ఒక్క గెంతులో జరుగుతుంది, సగం మారిన స్థితి ఉండదు. తిరిగి నడిపినప్పుడు అసలు పేరుతో ఫలితం ఉన్న చీటీలను దాటేయండి. అయితే ఫైలు ఉందా అని మాత్రమే కాక, ఖాళీగా లేదని కూడా చూసుకోండి. కరెంటు పోయిన క్షణంలో పేరు డిస్కుకు చేరి, లోపలి సమాచారం చేరకపోయే అవకాశం ఉంది.

మీరే కంట్రోల్-సి నొక్కి ఆపాలనుకున్నప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. స్క్రిప్టులో & గుర్తుతో పుట్టిన పిల్లలు అది పంపే సిగ్నల్‌ను (ఆగమనే సందేశాన్ని) పట్టించుకోకుండా ఉండేలా షెల్ ముందే ఏర్పాటు చేస్తుంది, యూనిక్స్ తరహా వ్యవస్థలకు వర్తించే పోసిక్స్ ప్రమాణమే అలా చెబుతోంది. తల్లి ఆగిపోతుంది, టెర్మినల్‌లో ప్రాంప్ట్ కనిపిస్తుంది, ఫ్యాను హోరు మాత్రం తగ్గదు. పిల్లలు లోపల నడుస్తూనే ఉంటాయి. దీన్ని అదుపు చేయడానికి స్క్రిప్టు పైభాగంలో, సిగ్నల్ అందినప్పుడు ఏం చేయాలో చెప్పే ‘ట్రాప్’ రాయండి. ఆ ట్రాప్‌లో మొదట టెర్మ్ సిగ్నల్‌ను (ముగియమని చెప్పేదాన్ని) తల్లి తాను పట్టించుకోకుండా చేసుకోవాలి, తర్వాత ‘కిల్ 0’ నడపాలి, తర్వాత వెయిట్‌తో అందరూ పోయేదాకా ఆగి, 130 సంకేతంతో ముగియాలి. కిల్‌కు సున్నా ఇస్తే తన ప్రాసెస్ గుంపులోని అందరికీ టెర్మ్ వెళుతుంది కనుక పిల్లలు పిలిచిన టెసరాక్ట్‌లు కూడా ఆగుతాయి. విడివిడిగా పిల్లల సంఖ్యలకు మాత్రమే పంపితే ఆ మనవలు మిగిలిపోతాయి. ఒక్క జాగ్రత్త: మీ స్క్రిప్టును మరో స్క్రిప్టు పిలిచి ఉంటే అదీ ఇదే గుంపులో ఉంటుంది, దానికీ ఈ దెబ్బ తగులుతుంది.

ఏదో ఒక పాడైన స్కాను మీద పని ఎప్పటికీ తెమలకపోవడమూ ఉంటుంది. చిన్న స్క్రిప్టులో టెసరాక్ట్‌ను ‘టైమ్‌అవుట్’ కమాండ్ ద్వారా, ‘--ఫోర్‌గ్రౌండ్’ ఐచ్ఛికంతో, మామూలు వ్యవధికి పది రెట్ల గడువుతో పిలవండి. ఆ ఐచ్ఛికం లేకపోతే టైమ్‌అవుట్ వేరే ప్రాసెస్ గుంపుగా మారి, కంట్రోల్-సికీ కిల్ 0కూ అందదు. గడువు దాటితే 124 సంకేతం వస్తుంది, దాన్ని విఫలమైన చీటీగానే లెక్కించవచ్చు.

ఇంతా రాయడం అవసరమా?

చాలా సందర్భాలలో అవసరం లేదు. చిన్న స్క్రిప్టు విడిగా ఉంటే, పుట్టించడం, పరిమితి పాటించడం, వేచి ఉండడం మొత్తం ‘ఎక్స్‌ఆర్గ్స్’ చేసిపెడుతుంది. పెద్ద అక్షరం ‘-పి’ తర్వాత పిల్లల సంఖ్యను, ‘-ఎన్’ తర్వాత 1ని ఇవ్వండి. ఫైండ్‌కు ‘-ప్రింట్0’, ఎక్స్‌ఆర్గ్స్‌కు ‘-0’ ఇస్తే ‘శనివారం బిల్లు 12’ వంటి ఖాళీలున్న పేర్లు కూడా ముక్కలు కాకుండా చేరతాయి. ఏ పిల్ల అయినా 1 నుంచి 125 మధ్య సంకేతంతో ముగిస్తే ఎక్స్‌ఆర్గ్స్ మిగతావన్నీ పూర్తిచేసి, తాను 123తో ముగుస్తుంది, కాబట్టి సెట్ -ఇ మళ్లీ పనిచేస్తుంది. పిల్ల 255తో ముగిస్తే కొత్తవాటిని పుట్టించడం అక్కడితో ఆపేస్తుంది. డిస్కు నిండిపోవడం వంటి, ముందుకు సాగి ప్రయోజనం లేని పరిస్థితికి చిన్న స్క్రిప్టులో ఆ 255ను అట్టిపెట్టుకోండి. ఎక్స్‌ఆర్గ్స్ కమాండ్ చివర & పెట్టడం లేదు కనుక కంట్రోల్-సి చిక్కు కూడా ఉండదు. -పి కి సున్నా ఇస్తే పరిమితి లేదని అర్థం, అది ఇవ్వకండి. నడుస్తుండగానే యూఎస్‌ఆర్1 సిగ్నల్ పంపితే జీఎన్‌యూ ఎక్స్‌ఆర్గ్స్ ఒక పిల్లను పెంచుతుంది, యూఎస్‌ఆర్2 పంపితే తగ్గిస్తుంది. ఈ సౌకర్యం గురించి తెలిసినవారు తక్కువ, పగటిపూట యంత్రాన్ని పంచుకోవలసినప్పుడు ఇది బాగా ఉపయోగపడుతుంది.

ఫలితాల క్రమం, ఏ పని ఎంతసేపు పట్టిందన్న చిట్టా, ఆగిన చోటనుంచి కొనసాగింపు ఇవన్నీ సిద్ధంగా కావాలంటే ‘జీఎన్‌యూ పారలెల్’ వాడండి, దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

పైథాన్‌లో రాసేవారికి ‘కంకరెంట్ ఫ్యూచర్స్’ మాడ్యూల్ 3.2 వెర్షన్ నుంచి ఉంది. లెక్కలు పైథాన్ కోడ్‌లోనే జరుగుతుంటే ప్రాసెస్ పూల్ కావాలి, కోడ్‌ను ‘మెయిన్’ కాపలా షరతు కింద ఉంచాలి. మన ఉదాహరణలో లాగా పైథాన్ కేవలం టెసరాక్ట్‌ను పిలుస్తుంటే, అది ఎలాగూ వేరే ప్రాసెస్సే కనుక థ్రెడ్ పూల్ సరిపోతుంది. ఇక్కడా ఒక మౌనం ఉంది: ‘సబ్‌మిట్’ చేసిన పనిలో లోపం వస్తే, దాని ‘రిజల్ట్’ అడిగేదాకా అది బయటికి రాదు. అడగకపోతే ఎవరికీ తెలియదు.

చివరి పని: సరిచూడడం

వాడుకలో పెట్టేముందు ఒకే రోజు చీటీలను రెండుసార్లు, రెండు ఖాళీ ఫలితాల ఫోల్డర్లతో నడపండి. మొదటిసారి -పి విలువ 1, రెండోసారి 4. వచ్చిన రెండు పట్టికలను ‘సీఎంపీ’తో పోల్చండి, ఒక్క బైటు కూడా తేడా ఉండకూడదు. తర్వాత ఆ ఫోల్డరులో చిత్రమే కాని ఒక ఫైలుకు చీటీ పేరు పెట్టి ఉద్దేశపూర్వకంగా వేయండి. స్క్రిప్టు దాన్ని పేరుతో సహా చెప్పి, పట్టిక కూర్చకుండా, సున్నా కాని సంకేతంతో ఆగాలి. ఆ తర్వాత పని నడుస్తుండగా కంట్రోల్-సి నొక్కి, నడుస్తున్న ప్రాసెస్‌లను పేరుతో వెతికే ‘పీగ్రెప్’తో టెసరాక్ట్‌లు ఏవైనా మిగిలాయేమో చూడండి. ఇంకోసారి మధ్యలో యంత్రం స్విచ్చి ఆపి, తిరిగి నడిపినప్పుడు మిగిలిన చీటీలనే చదువుతోందో లేదో గమనించండి. ఇవన్నీ నెగ్గాక కూడా, పట్టిక కూర్చే ముందు స్కాన్ల సంఖ్యను ఫలితాల సంఖ్యతో పోల్చే ఒక్క వరుసను స్క్రిప్టులో శాశ్వతంగా ఉంచేయండి.